పాత ఇనుమే గదా అని తూకానికి వేయకండి!

"పాత ఇనుముకు ఖర్జూరం పండు!" అన్న కేక వినకుండా మా కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో నా ఈడువారు ఎవరూ పెరిగి ఉండరు. సైకిలు వెనక ఒక గంప. అందులో ఒక పక్క నల్లగా నిగనిగలాడే ఖర్జూరం, ఇంకో పక్క తుప్పు పట్టిన తాళాలు, విరిగిన కొడవళ్ళు, అరిగిన అట్లకాడలు. ఆ కేక వింటే చాలు, పిల్లలు ఇంట్లో చేతికందిన ఇనుప ముక్కను పట్టుకుని వీధిలోకి పరుగెత్తేవారు. అలా పిడికెడు ఖర్జూరానికి మారిపోయిన వాటిలో దోసె పెనాలు, పొంగణాల చట్లు, మూకుళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క రాసినవారు లేరు. ఆ తరువాత ఇంటింటికీ అల్యూమినియం వచ్చింది, స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది, ఆపైన అంటుకోని పూత పూసిన పెనాలు వచ్చాయి. ఇప్పుడు కథ మళ్ళీ మొదటికొచ్చింది. పోత ఇనుము పెనాలను అట్టపెట్టెల్లో పెట్టి, వాడే విధానం తెలిపే కాగితంతో సహా అమ్ముతున్నారు. తాత తూకానికి వేసినదాన్నే మనవడు మంచి ధర పెట్టి కొనుక్కుంటున్నాడన్నమాట!

నేను వృత్తిరీత్యా బ్యాంకు అధికారిని. చదివింది బి.కాం. లోహశాస్త్రానికీ నాకూ చుట్టరికం లేదు. అయినా పదిహేనేళ్ళుగా సెలవు రోజుల్లో పాత పోత ఇనుము వంటపాత్రలను వెతకడం, గుర్తుపట్టడం, పోగుచేయడం నాకు అలవాటైపోయింది. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే వ్యసనమైపోయింది. ఇప్పటికి మా ఇంట 40 పాత్రలు చేరాయి. వీటిని ఎలా గుర్తుపట్టాలో, ఎలా బాగుచేసుకోవాలో తెలుసుకోవాలనుకునే పాఠకుల కోసం నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను. వాటితోపాటు, అన్నిటికన్నా ముఖ్యమని నాకు తోచిన మాట ఒకటి కూడా చెబుతాను.

నల్లరేగడిలో తెలుగు వంటిల్లు

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడుగునా నల్లరేగడి నేల. తమిళంలో దీన్ని 'కరిసల్' అంటారు. పత్తి, సజ్జ, జొన్న, మిరప పండే మెట్ట ప్రాంతం. విజయనగర, మదురై నాయక రాజుల కాలంనుంచీ తరతరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాదీ అలాంటి ఇల్లే. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగరీత్యా నెల్లూరులో ఉన్న నాలుగేళ్ళలో బస్సుల బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవి.

కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ గ్రామస్థుడు, మాతృభాష తెలుగైన సుప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ (1923-2021) ఈ వలస కథనే 'గోపల్ల గ్రామం' అనే నవలగా రాశారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన నవలలు రాయడంతో ఆగలేదు. ఈ కరిసల్ ప్రాంతంలో జనం నోట నానే మాటలను ఏరి పదకోశం కూడా తయారుచేశారు. పాత్రల విషయంలోనూ మనకు అలాంటి ఓపిక కావాలని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే మాలాంటి ఇళ్ళలో తెలుగు ఎక్కువగా మిగిలింది వంటింట్లోనే. నెల్లూరులో 'పెనం' అనేదాన్ని మా ఇంట్లో 'దోసరాయి' అంటాం. పాత్ర పోతే దాన్ని పిలిచే మాట కూడా పోతుంది.

ఈ నేలకూ పోత ఇనుముకూ పొత్తు కుదరడానికి ఒక కారణం పొయ్యి. ఇక్కడి పల్లెల్లో పత్తి చేను కోత అయ్యాక మిగిలే పత్తికట్టెలే వంటచెరకు. ఆ మంట భగ్గున లేస్తుంది, అంతలోనే తగ్గిపోతుంది. పలచటి రేకు పెనమైతే ఆ మంటకు దోసె ఒకచోట మాడి, ఒకచోట పచ్చిగా ఉంటుంది. మందపాటి పోత పెనం నిదానంగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని పట్టుకుని ఉంటుంది. మంట హెచ్చుతగ్గులను తానే సర్దుకుంటుంది.

పోత ఏది? చేత ఏది?

ఇనుప పాత్రలన్నీ పోత ఇనుము కావు. కమ్మరి కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి చేసినది చేత ఇనుము. ఇనుమును నీళ్ళలా కరిగించి, ఇసుక అచ్చులో పోసి చేసినది పోత ఇనుము. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది. ఈ కర్బనం వల్లనే అది సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. ఆ కర్బనం వల్లనే పోత ఇనుము పెళుసు కూడా. కింద పడితే సొట్ట పోదు, పగులుతుంది.

కాబట్టి మొదటి పరీక్ష సులువు. పాత్రకు సొట్టలున్నాయా, సుత్తి దెబ్బల గుర్తులున్నాయా, పిడి రివెట్లతో బిగించి ఉందా అని చూడండి. ఉంటే అది చేత ఇనుమో, రేకో అయివుంటుంది. పోత పాత్రకు చెవులు, పిడి ఒంటితోనే కలిసి పుడతాయి. అంచు విరిగి ఉంటే ఆ విరుగు బూడిదరంగులో, గరుకు గింజల్లా కనిపిస్తుంది. విరుదునగర్ నూనె పరోటాకు పేరుపొందిన ఊరు. అక్కడి అంగళ్ళలో నేను చూసిన పెద్ద పెనాలు మందపాటి ఇనుప పలకను కోసి చేసినవి. అవి ఎంత పాతవైనా పోత కావు.

రెండో పరీక్షకు జేబులో ఒక అయస్కాంతం ఉంటే చాలు. నల్లరంగు పూసిన అల్యూమినియం పొంగణాల చట్టి చూడటానికి అచ్చం ఇనుములా ఉంటుంది. అయస్కాంతం దాన్ని పట్టుకోదు.

ముద్ర లేని పెనానికి వయసు కట్టేదెలా?

ఇంగ్లండులో అబ్రహాం డార్బీ ఇసుక అచ్చులో ఇనుప కుండలు పోసే పద్ధతికి 1707లో పేటెంటు తీసుకున్నాడు. 1709లో కోక్‌తో ఇనుమును కరిగించడం మొదలుపెట్టాడు. ఆ తరువాతే అక్కడ పోత పాత్రలు సామాన్యుల ఇళ్ళకు చేరాయి. మన వైపు 1830లో హీత్ అనే ఆంగ్లేయుడు కడలూరు దాపున ఉన్న పరంగిపేటలో ఇనుము కార్ఖానా పెట్టాడు. ఇక అమెరికాలో గ్రిస్‌వోల్డ్, వాగ్నర్, లాడ్జ్ వంటి కంపెనీలు పెనాల అడుగున తమ పేరు, ఊరు, సంఖ్య పోతలోనే వేసేవి. ఏ ముద్ర ఏ కాలంలో వాడారో అక్కడి సేకర్తలు పట్టికలు వేసుకున్నారు. గ్రిస్‌వోల్డ్ వారి ఈరీ పట్టణపు కార్ఖానా 1957లో మూతపడింది గనుక, ఆ ఊరి పేరున్న అసలైన పెనం అంతకు ముందుదే అని నిమిషంలో తేల్చేయవచ్చు.

మన చిన్న చిన్న పోత కార్ఖానాల పాత్రలకు ఆ సౌకర్యం లేదు. నా దగ్గరున్న 40లో ఒక అంకెగానీ అక్షరంగానీ ఉన్నవి ఆరే. మిగిలినవాటిని ఒంటిమీది గుర్తులను బట్టి చదువుకోవలసిందే. నేను చూసే గుర్తులు ఇవి:

పోత మచ్చ: పాత్రను బోర్లించి చూడండి. కరిగిన ఇనుము పోసినచోట, చల్లారాక తుంచేసిన గుర్తుగా, ఒక గీతో గుండ్రని మచ్చో మిగులుతుంది. అమెరికా పెనాల్లో అడుగున ఇలాంటి గీత ఉంటే దాదాపు 1890కి ముందువని లెక్క. మన దగ్గర చిన్న కార్ఖానాలు పాత పద్ధతినే చాలాకాలం వాడాయి గనుక, ఆ మచ్చ చేతి పనికి సాక్ష్యమేగాని వయసుకు సాక్ష్యం కాదు.

లోపలి నునుపు: కొత్త పెనాల్లో చాలావాటికి ఇసుక గరుకు అలాగే ఉంటుంది. దశాబ్దాల తరబడి అట్లకాడ తిరిగిన పెనం అద్దంలా ఉంటుంది. ఆ నునుపు ఎక్కడ ఉందో కూడా చూడాలి. కుడిచేత్తో దోసె తీసే ఇల్లాలి పెనం ఒక వైపే ఎక్కువ అరుగుతుంది. యంత్రంతో అరగదీసిన నునుపు అంతటా ఒకేలా, వరుస గీతలతో ఉంటుంది.

తుప్పు తీరు: పాత పాత్రకు బయట మసి, నూనె కలిసి పొరలుపొరలుగా గట్టిపడి ఉంటుంది. తుప్పు ముదురు గోధుమరంగులో అక్కడక్కడ ఉంటుంది. లోపలా బయటా ఒకేలా నారింజరంగు తుప్పు పట్టి, మసి జాడే లేకపోతే, దాన్ని ఉప్పునీళ్ళలో ముంచి 'పాత' చేశారేమోనని అనుమానించాలి.

పగుళ్ళు: పాత్రను వేలితో ఎత్తి పట్టుకుని చెక్కతో తట్టండి. గంటలా మోగితే మంచిది. బొద్దుగా పలికితే ఎక్కడో చీలిక ఉంది. అనుమానం తీరకపోతే కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి అద్దండి. పగులు ఉంటే కాసేపటికి సన్నటి తడి గీత బయటపడుతుంది.

వంకర: బల్లపరుపు పెనమైతే నాపరాయి మీద పెట్టి నొక్కి చూడండి. ఊగితే వంగినట్టే. గ్యాసు మీద పరవాలేదుగాని, ఇండక్షన్ పొయ్యికి పనికిరాదు.

తూకం అంగడిలో

పాత సామాన్లు కొనాలంటే అందరూ కారైకుడి వెళ్ళమంటారు. అక్కడి మునీశ్వరన్ కోయిల్ వీధిలో చెట్టినాడు ఇళ్ళ సామాన్లు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. అక్కడివారికి వస్తువు విలువ తెలుసు, ధరా తెలుసు. కాబట్టి అక్కడ చేరిన వస్తువుకు ప్రమాదం లేదు. ప్రమాదమంతా మన ఊళ్ళలోని పాత ఇనుము అంగళ్ళలోనే. పోత ఇనుము తునకలకు పోత కార్ఖానాల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అంగడిలో కుప్ప పెరగగానే లారీ వస్తుంది. ఆ తరువాత ఆ పెనం ఏ మోటారు పంపు ఒంటిలోనో, ఏ మురుగు కాలువ మూతలోనో కలిసిపోతుంది.

విరుదునగర్‌లో అలాంటి అంగడి ఒకటి నాకు అలవాటు. ఒక శనివారం సాయంత్రం వెళితే, మర్నాడు పొద్దున లారీకి ఎక్కించే కుప్పలో ఏడు గుంతల పొంగణాల చట్టి కనిపించింది. మూడున్నర కిలోల బరువు. ఒక గుంత అంచు చిట్లి ఉంది. మిగిలిన ఆరూ చేత్తో తడిమితే పట్టులా ఉన్నాయి. అడుగున పోత మచ్చ.

"ఇది ఎవరింటిది అణ్ణాచ్చి?" అని అడిగాను.

"ఏమో సార్, బండివాడు తెచ్చాడు. మీకు కావాలంటే తూకం ధరకే తీసుకోండి" అన్నారాయన.

కిలో 40 రూపాయల చొప్పున 140 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. అది నా దగ్గరున్న అందమైన పాత్రల్లో ఒకటి. కానీ దాని గురించి నేను చెప్పగలిగింది ఇంతే. ఏ ఊరిది, ఎవరు పొంగణాలు వేశారు, ఏ పండుగకు వేశారు, ఆ అంచు ఎప్పుడు చిట్లింది, ఏదీ తెలియదు. ఇనుము చెప్పగలిగినంత చెప్పింది. మనిషి చెప్పవలసింది మాత్రం బండివాడి దగ్గరే ఆగిపోయింది.

ఒక అవ్వ దోసరాయి

దీనికి పూర్తిగా వేరైనది ఇంకో పెనం. 2014లో కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లెలో, వ్యవసాయ రుణం పనిమీద వెళ్ళిన ఇంట్లో చూశాను. వంటిల్లు కొత్తగా కట్టారు, పాత పెనం కోళ్ళ గంప మీద బరువుగా పెట్టారు. నేను దాన్నే చూస్తుంటే ఆ ఇంటి అవ్వ నవ్వింది.

"ఏం నాయనా, నీకు ఇనప పిచ్చా?"

"పిచ్చే అవ్వా. ఇది ఎప్పటిది?"

"మా అమ్మ సాత్తూరు పక్కనుంచి కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చింది. నేను పుట్టకముందుది."

అవ్వకు అప్పుడు 84 ఏళ్ళు. అంటే పెనం 1930కి ముందుదన్నమాట! ఏ నిపుణుడూ ఇనుమును చూసి ఇంత కచ్చితంగా చెప్పలేడు. ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఇలాంటివారికి సంవత్సరాల లెక్క గుర్తుండకపోవచ్చు. కాని 'కామరాజ్ ముఖ్యమంత్రి అయిన ఏడా, అంతకు ముందా?' అంటే 1954 దొరుకుతుంది. 'ధనుష్కోడి తుపానుకు ముందా, వెనకా?' అంటే 1964 దొరుకుతుంది. పెళ్ళిళ్ళు, కాన్పులు, కరువులు ఇవే వారి కేలండరు.

ఆ పెనం నాకిస్తావా అని నేను అడగలేదు. అవ్వే ఇచ్చింది. కోడలు చూస్తుండగానే ఒక షరతు పెట్టింది: "గోడకు తగిలించేదానికైతే ఇయ్యను. దోస పొయ్యాల." సరేనన్నాను. ధర తీసుకోనంటే, కోవిల్‌పట్టి నుంచి వేరుసెనగ చిక్కీ రెండు కిలోలు పంపాను. మా ఊరి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందిగాని, దాని రుచికి మా గుర్తింపు ఏనాటిదో! ఇంటికి రాగానే అవ్వ చెప్పిందంతా చిట్టా పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకున్నాను. ఐదేళ్ళపాటు ప్రతి ఆదివారం మా ఇంట్లో దోసెలు ఆ పెనం మీదనే.

2019లో అవ్వ మనవరాలు మద్రాసు నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అవ్వ అంతకు ముందే పోయింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుందిగాని మాట్లాడటానికి తడుముకుంటుంది. అవ్వ పెనం మీ దగ్గర ఉందట, ఒకసారి చూడవచ్చా అంది. పెనం చూపించాను, చిట్టాలోని పేజీ చదివి వినిపించాను. తన ముత్తవ్వ ఊరు సాత్తూరు పక్కనని ఆ అమ్మాయి వినడం అదే మొదటిసారి. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. పెనం ఇమ్మని అడగనూ లేదు.

నిజం చెప్పాలంటే, నా సేకరణలో దానికి సాటి వచ్చేది లేదు. అయినా పెనాన్ని పాత గుడ్డలో చుట్టి, ఆ పేజీ నకలు జతచేసి ఆమె చేతిలో పెట్టాను. బ్యాంకులో తాకట్టు నగ అసలుదారుకు చేర్చేటప్పుడు రాసే మాటే నా చిట్టాలో రాసి సంతకం పెట్టాను: 'తిరిగి ఇవ్వబడినది.' షరతు కూడా చెప్పాను. దోసె పోయాలి.

ఆ విరుదునగర్ పొంగణాల చట్టిని అలా ఇవ్వాలన్నా ఇవ్వలేను. ఎవరికివ్వను?

తుప్పు వదిలించడం, పదును పెట్టడం

ఇక ఇల్లాళ్ళు ఎప్పుడూ అడిగే విషయానికి వద్దాం. తుప్పు పట్టిన పెనాన్ని భగభగ మండే మంటలో పడేసి శుభ్రం చేయాలని కొందరంటారు. వద్దు. పెనం వంగుతుంది, పగులుతుంది. వేడి పెనం మీద చన్నీళ్ళు పోయడమూ అంతే ప్రమాదం.

కొద్దిపాటి తుప్పుకు మన పెద్దల పద్ధతే మేలు. బియ్యం కడిగిన నీళ్ళు పులియబెట్టి, అందులో పెనాన్ని నానేసి, రోజూ కొబ్బరి పీచుతో తోమి నీళ్ళు మార్చాలి. మూడు నాలుగు రోజుల్లో తుప్పు వదులుతుంది. తొందరైతే వెనిగరు, నీళ్ళు సమపాళ్ళలో కలిపి అరగంట నానబెట్టవచ్చు. అంతకు మించితే పులుపు ఇనుమునే తింటుంది. మొండి నూనె జిడ్డుకు కాస్టిక్ సోడా వాడేవారు చేతితొడుగులు వేసుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. అల్యూమినియం గిన్నెలో మాత్రం ఆ సోడాను కలపరాదు.

శుభ్రమైన పెనాన్ని పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, నువ్వులనూనె రాసి, మళ్ళీ రాసిందంతా తుడిచేసినట్టు తుడవాలి. మిగిలిన ఆ పలచటి పొరే చాలు. పొగ వచ్చి ఆగేదాకా కాచి, చల్లార్చి, మళ్ళీ రాయాలి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే నూనె గట్టి నల్లపొరగా పట్టుకుంటుంది. ఎక్కువ నూనె రాస్తే జిగటగా మిగులుతుంది. ఆ తరువాత సగం ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దుతూ దోసెలు పోయండి. మొదటి రెండు దోసెలు కాకులకే. మూడోది మీకు.

చింతపండు పులుసులు ఇందులో కాచకండి. కొంత ఇనుము ఆహారంలోకి దిగడం మామూలేగాని, పులుపు తగిలితే పొర ఊడి పులుసు నల్లబడుతుంది. ఇంకో జాగ్రత్త. ఇనుప చట్లలో, గరిటెల్లో సీసం కరగబెట్టడం పూర్వం ఉండేది. ఎవరిదో తెలియని చిన్న చట్టి లోపల బూడిదరంగు పూతలాంటిది కనిపిస్తే అలమారులో ఉంచండి, వంటకు వద్దు. చూశారా, ఇక్కడ కూడా పాత్ర చరిత్ర తెలియడం ఎంత అవసరమో!

చిట్టా రాయండి

అహ్మదాబాదులో సురేంద్ర పటేల్ అనే ఆయన పాత వంటపాత్రలు కరిగిపోతున్నాయని బాధపడి, వేలకొద్దీ సేకరించి 1981లో 'వేచార్' పేరుతో పాత్రల ప్రదర్శనశాలే పెట్టారు. అంత పని అందరికీ సాధ్యం కాదు. కాని ఒక నోటుపుస్తకం అందరికీ సాధ్యమే. నా చిట్టాలో ప్రతి పాత్రకూ ఏడు గడులు: పాత్ర పేరు (ఆ ఇంట్లో పిలిచే మాటలోనే), బరువు, వెడల్పు, ఒంటిమీది గుర్తులు, ఎవరింటిది, వారు చెప్పిన సంగతి, నా దగ్గరకు వచ్చిన తేదీ. మొదటి నాలుగూ పదేళ్ళ తరువాతైనా నింపుకోవచ్చు, ఇనుము ఎక్కడికీ పోదు. ఐదు, ఆరు గడులు మాత్రం చెప్పే మనిషి ఉన్నప్పుడే నిండాలి.

బి.కాం.లో మాకు తరుగుదల లెక్కలు నేర్పారు. ఏ ఆస్తి విలువైనా ఏటేటా తగ్గుతూ పుస్తకంలో సున్నాకు చేరుతుంది. పోత పెనం మాత్రం వాడినకొద్దీ మెరుగవుతుంది. తరిగిపోయేది దాని గురించి తెలిసినవారి సంఖ్య.

కాబట్టి వచ్చే భోగికి అటక సర్దేటప్పుడు పాత ఇనుమును వీధిలోకి పంపే ముందు, దాన్ని ఇంట్లోని పెద్దవారి ముందు ఒకసారి పెట్టండి. 'ఇది ఎవరిది అవ్వా?' అని అడగండి. వారు చెప్పింది అక్కడికక్కడే రాసిపెట్టుకోండి. ఆ తరువాత కూడా అమ్మాలనిపిస్తే అమ్మండి. ఎవరూ అమ్మరని నా నమ్మకం.